ఎడమకాలు ఎంత దూకింది

స్పోర్ట్స్ హాస్టలు, విశాఖపట్నం
15 జూలై 2001

అత్తా,

నువ్వు కట్టిచ్చిన జీడిపప్పు రెండు రోజులు కూడా రాలేదు. నేను తిన్నవి పదో పన్నెండో గింజలు, మిగతావి నా గదిలోని ఐదుగురూ పంచుకున్నారు. వచ్చేసారి ఇంకాస్త ఎక్కువ కట్టు, లేదంటే అసలు కట్టకు. ఇక్కడ అన్నం బాగానే పెడుతున్నారు. హైస్కూలు ఐదేళ్లూ నీ ఇంట్లో నీ చేతి చారు తిన్న నోటికి ఇక్కడి చారు మాత్రం వేడినీళ్లలా ఉంటుంది.

అసలు సంగతి చెప్తాను. ఈ ఏడు మాకు కొత్త కోచ్ వచ్చారు, సీతారాం సార్. బెంగుళూరులో ఏదో శిక్షణ పొంది వచ్చారట. పోయినేడాది సార్ లాంగ్‌జంప్ అంటే పరుగెత్తి దూకమనేవారు, అంతే. ఈయన మొదటి వారం ఇసుక గుంట దగ్గరికే పోనివ్వలేదు. సిమెంటు నేల మీద టేపు పరిచి, గీత దగ్గర ఒంటికాలి మీద నిలబడమన్నారు. చేతులు నడుం మీద పెట్టుకోవాలి. నిలబడ్డ కాలితోనే దూకగలిగినంత దూరం దూకి, అదే కాలి మీద దిగి, ఆయన రెండు లెక్కపెట్టేదాకా కదలకుండా ఉండాలి. రెండో కాలు నేలకు తగిలితే ఆ దూకుడు లెక్కలోకి రాదు. ఒక్కో కాలికి మూడు అవకాశాలు, వాటిలో ఎక్కువది రాసుకుంటారు.

నా ఎడమకాలు ఒక మీటరు తొంభై రెండు సెంటీమీటర్లు దూకింది. మా బ్యాచ్‌లో అదే ఎక్కువ. నేను లోలోపల పొంగిపోతున్నాను. తర్వాత కుడికాలు ఒకటి యాభై ఏడే దూకింది. సార్ కాసేపు లెక్క వేసి, నా పేరు పక్కన ఎర్ర సిరాతో 82 అని రాశారు. ఎడమకాలిని వంద అనుకుంటే కుడికాలు ఎనభై రెండు అని అర్థమట. కనీసం తొంభై ఉండాలట. తేడా అంతకంటే ఎక్కువైతే మోకాలికో మడమకో ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ తగులుతుందని ఆయన నమ్మకం. సెప్టెంబరు ఆఖరుకి తొంభై రాకపోతే వరంగల్‌లో జరిగే రాష్ట్ర పోటీలకు నన్ను పంపనన్నారు. ఆ పోటీలకు వెళ్లనివాళ్లకు హాస్టల్లో సీటు నిలవడం కష్టం. పోయినేడాది టెక్కలి అమ్మాయిని అలాగే డిసెంబరులో ఇంటికి పంపేశారు.

నాన్నకు చెప్పకు. కొబ్బరి తోట పని వదిలేసి వచ్చి ఇక్కడ కూర్చుంటాడు. నీకు చెప్పకపోతే నాకు మనసు ఆగదు కాబట్టి చెప్పాను.

నీ వనజ


కాశీబుగ్గ
22 జూలై 2001

నా మేనకోడలు పిల్లకు మీ అత్త రూతు దీవెనలు. ప్రభువు నిన్ను రెండు కాళ్ల మీదా గట్టిగా నిలబెట్టు గాక.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. జీడిపిక్కలు కొట్టి వచ్చిన చేతుల్తోనే, అంటిన తొక్క నూనె కూడా కడుక్కోకుండా చదివాను. అందుకే ఆ కాగితం ఇప్పుడు నల్లగా ఉంది. కుడికాలికి ఏమయింది వనజా? ఏడో తరగతిలో రిక్షా మీద నుంచి పడ్డావు, కానీ అప్పుడు తగిలింది మోచేతికి. గోడ దూకి మేకపిల్లను తరిమావు, అప్పుడు చిరిగింది పరికిణీ. కాలికి దెబ్బ తగిలినట్టు నాకు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. నాకు తెలియకుండా తగిలిందా?

ఇంకో మాట. ఒంటికాలి మీద దూకించి చూడటానికి బెంగుళూరు దాకా వెళ్లి చదవాలా? మన వీధిలో తొక్కుడుబిళ్ల ఆడే పిల్లల్ని అరగంట చూస్తే సరిపోయేది. సార్‌తో అనకు.

మీ నాన్నకు చెప్పొద్దన్నావు, చెప్పలేదు. ఈ పొద్దున ఆరాధనలో ప్రార్థన మనవులు ఉన్నవాళ్లు చెప్పండి అని పాస్టరుగారు అంటే మాత్రం లేచి నిలబడ్డాను. మా కోడలి కుడికాలు బలహీనంగా ఉంది, బలపరచమని అడగండి అన్నాను. అది దేవుడికి చెప్పడమే కానీ మీ నాన్నకు చెప్పడం కాదు కదా. సంఘమంతా కళ్లు మూసుకుని నీ కాలి కోసం ప్రార్థించారు. బయటికి వచ్చాక నాతో పనిచేసే బొడ్డమ్మ నా చెయ్యి పట్టుకుని, నువ్వులనూనె గోరువెచ్చగా చేసి రాయమని చెప్పింది. ఇంకొకామె తన తోడికోడలికి ఇలాగే కాలు లాగేసిందని మొదలుపెట్టింది, నేను వినకుండా వచ్చేశాను.

మా జీడిపప్పు యూనిట్లో పని బాగానే ఉంది. నా పక్క మెషీను అసిరమ్మ వదిన నిన్ను మరీ మరీ అడిగింది. నువ్వు పంపిన ఫోటోని ఆమె తీసుకుపోయి వాళ్లింట్లో దేవుడి పటం పక్కన పెట్టుకుంది. నాకు ఇంకోటి పంపు.

మీ అత్త


స్పోర్ట్స్ హాస్టలు
5 ఆగస్టు 2001

అత్తా, నీతో మాట్లాడకూడదని ఐదు రోజులు అనుకున్నాను. కుదరలేదు.

మంగళవారం పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ పిలుస్తున్నాడంటే వెళ్లాను. నాన్న నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో కొబ్బరికాయల సంచి, ఇంకో చేతిలో ఎముకలు కట్టే ఆయన ఇచ్చిన తైలం సీసా. మీ సంఘంలో నా కాలు బలహీనంగా ఉందట. ఆ మాట వజ్రపుకొత్తూరు వెళ్లేసరికి కాలు వాచిపోయిందట. మన ఊరు చేరేసరికి విరిగింది, కట్టు కట్టారు, పిల్ల చెప్పుకోలేక ఏడుస్తోంది. నాన్న రాత్రి పాసింజరు ఎక్కి వచ్చేశాడు.

నేను పరుగెత్తుకుంటూ వెళ్లినా నమ్మలేదు. "నడిసి సూపించు" అన్నాడు. గేటు నుంచి వేపచెట్టు దాకా నాలుగుసార్లు నడిచాను. "సెప్పకుండా దాసేత్తన్నావేటి? నాకు తెల్దనుకున్నావా?" అని కిందకు వంగి, అందరూ చూస్తుండగా నా రెండు మోకాళ్లూ నొక్కి చూశాడు. మా గది అమ్మాయిలు మెట్ల మీద కూర్చుని చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. చివరికి సీతారాం సార్ వచ్చి నచ్చజెప్పి, కాఫీ ఇప్పించి పంపారు. నాన్న వెళ్లిపోయాక మాత్రం ఏడుపొచ్చింది. ఆయన చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకుని వచ్చాడు, నేను చెప్పనేలేదు.

ఒక్కసారి సరిగ్గా విను. నా కాలికి ఏ రోగమూ లేదు. రెండు కాళ్లకీ మధ్య తేడా ఉంది, అంతే. సార్ రోజూ కుడికాలితో మెట్లు ఎక్కిస్తున్నారు, కుడికాలి మీద కూర్చుని లేవమంటున్నారు. నిన్న మళ్లీ కొలిచారు. కుడికాలు ఒకటి అరవై రెండుకి వచ్చింది. సంతోషించేలోపే ఎడమకాలు ఒకటి తొంభై ఏడు దూకింది. మళ్లీ ఎనభై రెండే. కుడికాలు ఒక అడుగు వేస్తే ఎడమకాలు ఇంకో అడుగు వేసేస్తోంది. దీన్ని ఎలా ఆపాలో నాకు తెలియడం లేదు.

ఇదివరకు ఒకే కాలి మీద భారం పడే పని ఏదైనా చేశావా అని సార్ అడిగారు. లేదన్నాను. వేసవి సెలవుల్లో జీడిపిక్కలు కొట్టానని ఈ అమ్మాయిల ముందు ఎలా చెప్పను?

వనజ


కాశీబుగ్గ
15 ఆగస్టు 2001

వనజా, నన్ను క్షమించు. దేవుడికి చెప్తే మీ నాన్న చెవిన పడుతుందని నాకు తోచలేదు. ఇకమీదట నీ కాలి గురించి మౌనంగానే ప్రార్థిస్తాను. అన్నయ్య తిరిగొచ్చి, పిల్ల కాలు ఇనుములా ఉందని అందరికీ చెప్తున్నాడు. చొక్కా సంగతి కూడా చెప్పి తనే నవ్వాడు.

నీ ఉత్తరంలో ఆఖరి మాట చదివాక నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. మూడు వేసవులు నిన్ను నా వెంట యూనిట్‌కి తీసుకెళ్లి, ఖాళీ మెషీను దగ్గర నిలబెట్టింది నేనే. చేత్తో పిడి లాగాలి, కుడికాలితో పెడల్ తొక్కాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒళ్లంతా మోసేది ఎడమకాలు. నువ్వు ఎదిగే వయసు అది. నాకు అనుమానం వచ్చి మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ యూనిట్ వెనక వరండాలో బొగ్గుతో గీత గీశాను. మీ సార్ చెప్పినట్టే చేతులు నడుం మీద పెట్టించి ఒక్కొక్కరి చేతా దూకించాను. బొడ్డమ్మకు కోక కాళ్లకి అడ్డం పడి కూలబడింది. తొమ్మిది మందిమి దూకితే తొమ్మిది మందికీ ఎడమకాలే ఎక్కువ. ఇంతలో మన్మథరావు మేస్త్రీ వచ్చాడు. తిడతాడనుకున్నాం. సంగతి విని, తను ఒకప్పుడు కబడ్డీ ఆడేవాడినని చెప్పి పంచె ఎగ్గట్టి దూకాడు. ఆయన రెండు కాళ్లూ సమానం వచ్చాయి. ఏ పనీ చెయ్యని కాళ్లు కదా. నవ్వలేక చచ్చాం.

నవ్వు అయిపోయాక మాత్రం నా మీద నాకే కోపం వచ్చింది. ఈ తేడా నేను పెట్టిందే కాబట్టి దారి కూడా నేనే చెప్తాను. ఇది ఎవరితోనూ అనకు.

నేను, అసిరమ్మ వదిన పదేళ్లుగా పక్కపక్క మెషీన్ల మీద ఉన్నాం. సాయంత్రం మేస్త్రీ ఇద్దరిద్దరి బుట్టలు పక్కపక్కన పెట్టి చూస్తాడు. ఒకటి నిండుగా, ఒకటి వెలితిగా కనిపిస్తే వెలితి బుట్టదాన్ని మెషీను మీద నుంచి దింపేస్తాడు. నాలుగేళ్లుగా వదినకు మోకాలు బాగోలేదు. నా పప్పు ఆమె బుట్టలో వేస్తే ఆమెకు చిన్నతనం. అందుకని నేనే నెమ్మదిస్తాను. ఆమె పెడల్ చప్పుడు వింటూ నా పెడల్ తొక్కుతాను. రెండు బుట్టలూ సమానంగా కనిపిస్తాయి, మేస్త్రీ ముందుకు పోతాడు. ఇలా చేసేది నేనొక్కదాన్నే కాదు, మా యూనిట్లో జతగా పనిచేసేవాళ్లందరికీ ఇది మామూలే.

మీ సార్ చూసేది కూడా తేడాయే కదా. నీ ఎడమకాలు అంత ఎగబడటం ఎందుకు? పక్కనున్న కుడికాలిని చూసుకుంటూ కాస్త ఆగమని చెప్పు.

మీ అత్త రూతు


స్పోర్ట్స్ హాస్టలు
2 సెప్టెంబరు 2001

అత్తా, నీ కాళ్లకు దండం పెట్టాలి.

నిన్న కొలిచారు. కుడికాలు మనస్ఫూర్తిగా దూకింది, ఒకటి అరవై నాలుగు వచ్చింది. ఎడమకాలిని నువ్వు చెప్పినట్టు ఆపాను. అనుకున్నంత తేలిక కాదు. మరీ తగ్గితే అనుమానం, కాస్త పెరిగితే మళ్లీ ఎర్ర సిరా. మూడుసార్లూ ఊపిరి బిగబట్టి దూకాను. ఒకటి డెబ్భై వచ్చింది. తొంభై ఆరు శాతం! ఉషారాణి నన్ను ఎత్తుకుని తిప్పేసింది. ఈ ఉషారాణి నా పక్క మంచం అమ్మాయి, తనూ లాంగ్‌జంపే. తనకి తొంభై మూడు.

సార్ "గుడ్" అన్నారు. నోటుబుక్కు మాత్రం చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. నాన్నకు ఈ సంగతి నువ్వే చెప్పు, సంతోషిస్తాడు.

నీ వనజ


కాశీబుగ్గ
9 సెప్టెంబరు 2001

తొంభై ఆరు తెచ్చిన నా బంగారానికి,

పోయినసారి మనవి చెప్పినదాన్ని, ఈసారి సాక్ష్యం చెప్పకపోతే బాగుండదని ఈ పొద్దున ఆరాధనలో మళ్లీ లేచి నిలబడ్డాను. మా కోడలి రెండు కాళ్లనూ దేవుడు సమానం చేశాడని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. మీ నాన్న ఊరి నుంచి బూందీ లడ్డూలు తెచ్చి మా చర్చి ముందు పంచాడు. చిన్నపిల్లలు రెండోసారి వరుసలోకి వచ్చినా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఇంత సంతోషంగా ఆయన్ని చూసి ఎన్నేళ్లయిందో.

అసిరమ్మ వదిన వాళ్ల అమ్మవారికి కొబ్బరికాయ కొట్టింది. ప్రసాదం నాకూ పెట్టింది, తిన్నాను. నీ కాలి విషయంలో ఎవరు చేసిన మేలైనా మేలే.

కృతజ్ఞత చెప్తున్నంతసేపూ నా మనసులో ఏదో కాస్త నలుసులా గుచ్చుకుంది. దేవుడు చేశాడని పైకి చెప్పాను, చేసిందేమో నువ్వూ నేనూ. సర్లే, ఆయనే నాకు ఆ ఆలోచన ఇచ్చాడని అనుకున్నాను.

వరంగల్‌లో చలిగా ఉంటుందో లేదో కనుక్కుని రాయి, స్వెట్టరు పంపుతాను.

మీ అత్త


స్పోర్ట్స్ హాస్టలు
23 సెప్టెంబరు 2001

అత్తా, స్వెట్టరు పంపకు.

సోమవారం సార్ నన్ను గదికి పిలిచి నోటుబుక్కు ముందు పెట్టారు. ఆగస్టులో ఎడమకాలు ఒకటి తొంభై ఏడు, ఇప్పుడు ఒకటి డెబ్భై. "ఎక్కడ నొప్పి?" అని అడిగారు. నొప్పి లేదన్నాను. నొప్పి లేకుండా ఇరవై ఏడు సెంటీమీటర్లు ఎవరికీ తగ్గవు, రాష్ట్ర పోటీల కోసం దెబ్బ దాచుకుంటున్నావు అన్నారు. నేను తల వంచుకునేసరికి ఆయన అనుమానం ఇంకా గట్టిపడింది.

ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఎక్స్‌రే తీశారు, ఏమీ లేదు. అయినా నాలుగు వారాలు దూకొద్దని డాక్టరు రాశారు. ఇప్పుడు నా మంచి కాలికి కట్టు కట్టారు అత్తా. సార్ నా పేరు వరంగల్ జాబితాలోంచి కొట్టేసి ఉషారాణి పేరు రాశారు. కోపంగా రాయలేదు, జాలిగా రాశారు. అది ఇంకా కష్టంగా ఉంది. రోజూ సాయంత్రం నా కోసం స్టూలు వేయించి, ఐసు పెట్టించి, తనే వచ్చి మోకాలు చూసి వెళ్తున్నారు.

నిజం చెప్తే మోసం చేశానని ఇంటికి పంపేస్తారు. చెప్పకపోతే దెబ్బ తగిలిన పిల్లని డిసెంబరులో ఎలాగూ పంపేస్తారు. నీ మాట విన్నాను. నిన్ను అనాలని లేదు, అయినా అనకుండా ఉండలేకపోతున్నాను. ఇప్పుడు ఏం చెయ్యమంటావో చెప్పు.

వనజ


కాశీబుగ్గ
27 సెప్టెంబరు 2001

వనజా,

అను. ఎంత అనాలో అంతా అను. తప్పు నాదే.

సార్‌కి నిజం చెప్పెయ్. ఇలా రాయడం తేలికని నాకు తెలుసు. అందుకే రాసేముందు నేను కూడా చెప్పవలసిన నిజం ఒకటి చెప్పి వచ్చాను. ఈ సాయంత్రం పని అయ్యాక, నాలుగేళ్లుగా నేను ఆమె కోసం నెమ్మదిగా తొక్కుతున్నానని అసిరమ్మ వదినతో చెప్పాను. ఆమె బుట్ట దించి నా ముఖంలోకి చూసింది.

"నాను నిన్నడిగినానా రూతమ్మా? నాకు సేతకాదని నీకెవులు సెప్పినారు?"

అంతే అంది. రోజూ ఇద్దరం కలిసి రైలు గేటు దాకా నడుస్తాం. ఇవాళ నా కోసం ఆగలేదు. నాకు చాలా బాధగా ఉంది. మేలు చేస్తున్నాననుకున్నాను. నాలుగేళ్లుగా ఆమె తన చేతి పని చూసుకుని గర్వపడుతుంటే, ఆ గర్వం నేను పెట్టిన భిక్షలా చేసేశాను.

నీ కాలి విషయంలోనూ అదే చేశాను. అది ఎంత దూకగలదో అంత దూకనివ్వకుండా పట్టుకోమన్నాను. నా పేరు చెప్పు సార్‌కి. సలహా ఇచ్చింది మా అత్త అని చెప్పు. పిక్కలు కొట్టిన సంగతి కూడా చెప్పు. అందులో సిగ్గుపడవలసింది ఏమన్నా ఉంటే అది నాకు, నీకు కాదు.

రూతు అత్త


స్పోర్ట్స్ హాస్టలు
7 అక్టోబరు 2001

అత్తా, చెప్పేశాను.

బుధవారం సాయంత్రం సార్ ఐసు పట్టుకుని వచ్చారు. కట్టు విప్పుతుంటే, ఈ కాలికి ఏమీ కాలేదు సార్ అన్నాను. ఎలా మొదలుపెట్టానో గుర్తు లేదు కానీ ఆగకుండా అంతా చెప్పాను. పెడల్ సంగతి, రెండు బుట్టల సంగతి, నువ్వు ఉత్తరంలో రాసింది, నేను ఊపిరి బిగబట్టి దూకింది. ఉషారాణి వాళ్లు వెనకే ఉన్నారని తర్వాత చూసుకున్నాను. అప్పటికి దాచడానికి ఏమీ మిగల్లేదు.

సార్ నేల మీదే కూర్చుండిపోయారు. అరవలేదు. "ఎక్కువ దూకినట్టు నాకు దొంగ కొలతలు చూపించినవాళ్లు చాలామంది ఉన్నారు. తక్కువ దూకి మోసం చేసింది నువ్వొక్కదానివే" అన్నారు. తర్వాత కాసేపటికి నవ్వొచ్చింది ఆయనకి. మళ్లీ వెంటనే ముఖం గంభీరంగా పెట్టేసుకున్నారు. తను రాసుకునే అంకె నన్ను బయటికి పంపడానికి కాదట, నా చేత ఏ పని చేయించాలో తనకి తెలియడానికట. అబద్ధపు అంకె ఇస్తే తను తప్పు కాలికి వైద్యం చేస్తారట, చేశారు కూడా. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

జీడిపిక్కల మెషీను బొమ్మ గీయమన్నారు. గీశాను. ఎడమకాలు బలపడటానికి అదే కారణమని తను కచ్చితంగా చెప్పలేనన్నారు కానీ, నువ్వు తొమ్మిది మందిని దూకించి కొలిచావంటే నోరు తెరిచారు. నీ బొగ్గు గీత గురించి రెండుసార్లు అడిగారు. ఉషారాణి మాత్రం, అయితే నువ్వు రోజూ జీడిపప్పు తిన్నావా అని అడిగింది. ఇన్నాళ్లూ నేను భయపడింది దీనికే.

డాక్టరుకి చెప్పి నిన్న మళ్లీ కొలిచారు. ఎడమకాలు ఒకటి తొంభై తొమ్మిది, కుడికాలు ఒకటి డెబ్భై. ఎనభై ఐదు. వరంగల్‌కి ఉషారాణే వెళ్తుంది, అది న్యాయమే. నా సీటు సంగతి డిసెంబరులో కొలిచాక చెప్తానన్నారు.

అసిరమ్మ అత్త మాట్లాడిందా?

నీ వనజ


కాశీబుగ్గ
28 అక్టోబరు 2001

వనజమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీకు సీటు ఉన్నా లేకపోయినా, ఆ రోజు నువ్వు చెప్పిన మాటకి నేను జీవితాంతం తలెత్తుకు తిరుగుతాను. మీ నాన్నకి కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. లడ్డూలు వెనక్కి తీసుకోవడం ఎలాగని ఒక్క మాట అని, తోటకి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున వచ్చి, నీ సార్‌కి ఇమ్మని పనసకాయ ఒకటి ఇచ్చి వెళ్లాడు. ఈ కాలంలో ఎక్కడ సంపాదించాడో తెలియదు. అది రైల్లో ఎలా పంపాలో కూడా తెలియదు.

వదిన పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. పన్నెండో రోజు మేస్త్రీ దగ్గరికి తనే వెళ్లి, మెషీను వద్దు, పప్పు ఏరే గదిలో కూర్చోబెట్టమని అడిగింది. నేను వెనకే పరుగెత్తాను. నా మీద కోపంతో అంత పని చెయ్యకు వదినా అని బతిమాలాను. అప్పుడు నోరు విప్పింది.

"కోపం కాదు. ఆ గదిలోకి ఎల్తానని రెండేళ్ల కిందటే అడుగుదామనుకున్నాను. నాను ఎల్లిపోతే నువ్వొక్కదానివీ అయిపోతావని ఆగినాను. నీ పెడలు సప్పుడు ఇంటే, ఈ మధ్య నీకే ఓపిక తగ్గిపోనాదనుకున్నాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె కోసం నేను నెమ్మదించాను, నా కోసం ఆమె నొప్పి కాలితో నిలబడింది. ఇద్దరం గుమ్మంలోనే కూలబడి నవ్వుకున్నాం. ఇప్పుడు ఆమె కూర్చుని విరిగిన ముక్కపప్పూ, విరగని గుండుపప్పూ వేరు చేస్తోంది. మోకాలు కాస్త నయమట. నేను నా ఇష్టమొచ్చినట్టు తొక్కుతున్నాను. మొదటి రోజు సాయంత్రం బుట్ట చూసి నాకే ఆశ్చర్యమేసింది.

డిసెంబరులో నీ కాలు ఎంత చెప్తే అంత. ఈసారి నా దగ్గర సలహా ఏమీ లేదు.

మీ అత్త


స్పోర్ట్స్ హాస్టలు
9 డిసెంబరు 2001

అత్తా,

నిన్న కొలిచారు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ముందు కుడికాలు. రెండు నెలల మెట్లూ గుంజీళ్లూ ఊరికే పోలేదు, ఒకటి ఎనభై ఆరు వచ్చింది. తర్వాత ఎడమకాలు. మొదటిసారి రెండు మీటర్ల మూడు. రెండోసారి రెండు మీటర్ల ఐదు. అమ్మాయిలందరూ ఇప్పుడు లెక్కలు వెయ్యడం నేర్చేసుకున్నారు. ఉషారాణి వేళ్ల మీద వేసి, తొంభై దాటిందని వెనక నుంచి గుసగుసలాడింది. నాకూ తెలుసు. ఇంకో అవకాశం మిగిలి ఉంది. అది వదిలేసినా, ఉత్తినే కాస్త దూకినా ఎవరూ ఏమీ అనరు. సీటు నాదే.

గీత దగ్గర నిలబడ్డాను. చేతులు నడుం మీద పెట్టుకున్నాను. సార్ టేపు దగ్గర వంగి కూర్చుని ఉన్నారు. కాలిలో ఇంకా ఉందని నాకు తెలుస్తోంది. భయం వేసింది అత్తా, నిజంగా వేసింది. ఇంటికి వచ్చేసి నీ పక్కన పెడల్ తొక్కుతున్నట్టు కూడా కనిపించింది. అయినా దూకేశాను. దిగాక ఒంటికాలి మీద రాయిలా నిలబడ్డాను. సార్ రెండు కాదు, ఐదు దాకా లెక్కపెట్టారు.

లెక్క వేస్తే ఎనభై ఎనిమిది వచ్చింది.

సార్ నోటుబుక్కు మూయకుండానే అడిగారు. "రెండో దానితో ఆగిపోతే తొంభై వచ్చేది. తెలుసా నీకు?"

"తెలుసు సార్."

"మరి ఎందుకు దూకావు?"

"ఇంకా ఉంది సార్."

ఆయన నా పేరు పక్కన 88 అని రాశారు. ఎర్ర సిరాతోనే రాశారు. జనవరిలో మళ్లీ కొలుస్తాను, అప్పటిదాకా పోటీలు లేవు అన్నారు. జనవరిలో అంటే నేను ఇక్కడే ఉంటానా సార్ అని అడిగితే, ఇక్కడ ఉండకపోతే కొలిచేది ఎక్కడ, కాశీబుగ్గలోనా అన్నారు. అంతే, సీటు గురించి ఆయన చెప్పింది అంతే. నేను మూత్రశాల వెనకకి వెళ్లి కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి రెండు పళ్లాల అన్నం తిన్నాను.

నాన్నకి సీటు ఉందని చెప్పు, తొంభై రాలేదని కూడా చెప్పు. నీకు మాత్రం ఇది చెప్పాలని పొద్దుటి నుంచి ఆగలేకపోతున్నాను. నా ఎడమకాలు రెండు మీటర్ల పదకొండు సెంటీమీటర్లు దూకింది అత్తా.

నీ వనజ